రెండు చుక్కలు, ఒక గీత

బూదిస్వామిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరుకుతుందో లేదో చెప్పలేం గానీ, పని మాత్రం తప్పక తగులుతుంది. ఆత్మ ఎక్కడుంటుంది స్వామీ అని అడిగినవాడు ఆ పూటంతా మఠం కప్పెక్కి బోదగడ్డి పరిచాడు. మళ్ళీ జన్మ ఉంటుందా అని అడిగినవాడు పదహారు కావిళ్ళ నీళ్ళు మోసి, ఉంటే మాత్రం ఈ మఠంలో వద్దని నిశ్చయించుకున్నాడు. అందుకే ఆ మఠంలో సందేహాలు తక్కువ, కట్టెలు ఎక్కువ. ఉప్పురాళ్ళపాలెం జనం ఆయన్ను మహాజ్ఞాని అంటూ దూరం నుంచే దండం పెట్టేవారు.

ఓబులేసు ఆ మఠంలో చేరి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో ఒక్క ప్రశ్నా అడగలేదు. వాకిలి ఊడ్చేవాడు, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేవాడు. ఒకరోజు పొద్దున్నే స్వామి రాగి అంబలి తాగుతుండగా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"స్వామీ, అబద్ధం చెప్పి జనాన్ని యుద్ధానికి తోలిన నాయకుణ్ణి ఏం చెయ్యాలి? క్షమించాలా, శిక్షించాలా?"

స్వామి తొందరపడలేదు. అంబలి తాగాడు, ముంత అడుగున మిగిలింది వేలితో తీసుకుని నాకాడు, మూలనున్న మాసిన బట్టల మూట చూపించాడు.

"ఆ మూట చాకలిరేవులో వేసిరా. సుంకమ్మ ఏమడిగినా నిజం చెప్పి మరీ వెయ్యి."

ఓబులేసు ముఖం పులిసిన అంబలి తాగినట్టయింది. అయినా మూట ఎత్తుకున్నాడు. అతను అడిగింది ఉత్త వేదాంతం కాదు. ఆ మధ్యాహ్నంలోగా జవాబు దొరక్కపోతే, అన్న చావుకు ఇక ఎప్పటికీ దొరకదు. ఎందుకో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి.

ఉప్పురాళ్ళపాలేనికి పాలెగాడు కొండమనాయనివారు. ఆయనకు గొప్ప మీసం, గొప్ప గొంతు, పద్దెనిమిది గొప్ప గుర్రాలు ఉండేవి. మీసానికీ గొంతుకూ మేత అక్కర్లేదు. గుర్రాలకు కావాలి. ఇక్కడి గుట్ట మీద మేత అయిపోయింది. అవతలి ఊరు వంకదిన్నె వాళ్ళ బీడు మోకాలి లోతు పచ్చగా ఉంది. ఈ రెండు సంగతులూ ఊళ్ళో అందరికీ తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాత్రం లేరు. మనవాళ్ళు అంత తీరిక లేనివాళ్ళు. పొద్దస్తమానం చావిట్లో కూర్చునే ఉంటారు కదా.

ఆ రోజుల్లో కాలువ నీళ్ళ పంపకం గురించి మాట్లాడి రమ్మని నాయనివారు గిడ్డయ్యను వంకదిన్నెకు పంపారు. గిడ్డయ్య మాటకారి. ఊళ్ళో ఎవరి మధ్య తగువు వచ్చినా అతన్నే పంపుతారు, అతను ఇద్దరి ఇళ్ళలోనూ భోంచేసి వస్తాడు. ఈసారి నాలుగు రోజులైనా తిరిగి రాలేదు. అయిదో రోజు నాయనివారు చావిడి అరుగెక్కి, రక్తంతో అట్టకట్టిన ఒక తలపాగాను రెండు చేతులా పైకెత్తారు.

"సరిహద్దు రాయి మీద ఉంటే నా చేత్తో నేనే తీసుకొచ్చాను. గిడ్డయ్య తలపాగా ఇది. చూడగానే గుర్తుపట్టాను. మన మనిషిని నరికినవాళ్ళు రేపు మన గడపలు తొక్కుతారు. ఇంకా గాజులు తొడుక్కుని కూర్చుంటారా?"

చావిడి అదిరిపోయింది. అందరికంటే గట్టిగా అరిచింది కీళ్ళనొప్పుల వల్ల పోరుకు వెళ్ళలేని పెద్దలు. వాళ్ళ తరవాత గట్టిగా అరిచింది ఓబులేసు. అతని అన్న నరసింగడు మాత్రం అరవలేదు. గుంపును తోసుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అన్నాడు.

"దొరా, ఆ తలపాగా ఒకసారి కిందికి దించండి. దగ్గరగా చూద్దాం."

గుంపులో ఎవరో నవ్వారు. ఓబులేసు సిగ్గుతో చచ్చిపోయి అన్న చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "ఊరుకో అన్నా, పరువు తియ్యకు. పిరికోడి తమ్ముడని నన్ను అనిపించకు" అన్నాడు. నరసింగడు తమ్ముడి ముఖంలోకి చూసి ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే బల్లెం తీసుకుని అందరితోపాటు వెళ్ళాడు. పోరు రెండున్నర రోజులు జరిగింది. పదకొండు మంది ప్రాణాలతో తిరిగి రాలేదు. మంచాల మీద మోసుకొచ్చిన వాళ్ళలో నాలుగోవాడు నరసింగడు.

గెలిచామన్నారు. నాయనివారి గుర్రాలు వంకదిన్నె బీడులో మేత మొదలుపెట్టాయి గనక గెలిచే ఉంటాం. తలపాగాను చావిట్లో ఒక పొడవాటి కర్రకు కట్టి నిలబెట్టారు. జనం దానికి పసుపు, కుంకుమ పెట్టారు, టెంకాయలు కొట్టారు. మొక్కుకున్న వాళ్ళలో ఇద్దరికి తప్పిపోయిన ఎద్దులు దొరికాయి కూడా. దానితో తలపాగా మహిమ గల తలపాగా అయిపోయింది.

ఇట్లా మూడు నెలలు గడిచాక, ఒక మిట్టమధ్యాహ్నం గిడ్డయ్య నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. అతని భార్య గుమ్మంలోనే సొమ్మసిల్లి పడిపోయింది. తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, ఇన్నాళ్ళూ నీకు ఎవతె వండిపెట్టింది అని. గిడ్డయ్య చెప్పింది ఇంతే. వంకదిన్నె వాళ్ళు నీళ్ళ సంగతి మంచిగానే మాట్లాడి మజ్జిగ ఇచ్చి పంపారు. తిరుగుదారిలో గుర్రం మీద ఎవరో ఎదురుపడి, ఊరికి రావద్దు, దొర చెల్లెలి ఊరు దేవరబండకు పోయి కబురు వచ్చేదాకా ఆమె పొలం పని చూడమన్నారు. వెళ్ళాడు. చూశాడు. తిన్నాడు. కబురు ఎంతకీ రాకపోయేసరికి వచ్చేశాడు. ఆ గుర్రం మీది మనిషి ఎవరని అడిగితే, తల వంచుకుని, "ఎండ కదా, సరిగ్గా చూడలేదు" అన్నాడు.

ఇంకొకరైతే ఆ రాత్రికే పాలెం విడిచి పారిపోయేవారు. నాయనివారు అట్లాంటి మనిషి కాదు. మర్నాడే చావిట్లో జనాన్ని పిలిపించి, గొంతు తగ్గించి, కళ్ళు తుడుచుకుని మాట్లాడారు. "మోసపోయాం. నేనూ మోసపోయాను, మీరూ మోసపోయారు. ఎవరో తెచ్చి ఇచ్చారు, నమ్మాను. మీరు నమ్మలేదా? అరవలేదా? ఇందులో తప్పు ఎవరిదని వెతుకుతాం? ఎల్లుండి శాంతి చేద్దాం. ఆ తలపాగాను రేవులో జనం కళ్ళెదుటే తెల్లగా ఉతికిద్దాం. బూదిస్వామి తన చేత్తో దాన్ని గిడ్డయ్య తలకు చుడతాడు. ఆ తరవాత ఈ మాట ఎత్తినవాడు ఊరికి ద్రోహి."

జనం తలలూపారు. తమ తప్పు కూడా అందులో కలిసిపోతుంది గనక ఇంకొంచెం గట్టిగానే ఊపారు. నిజానికి తలపాగాను కాల్చిపారేస్తే సరిపోయేది. కానీ సంబరం లేకుండా ఏ పనీ చెయ్యలేకపోవడం నాయనివారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. తలపాగాకు పూజచేసి మఠానికి పంపారు. బూదిస్వామి దాన్ని తన మాసిన గోచీల మధ్య చుట్టి మూటలో పడేశాడు.

ఆ మూటే ఇప్పుడు ఓబులేసు నెత్తిమీద ఉంది.

రేవు దగ్గర సుంకమ్మ అప్పుడే బాన కింద మంట వేస్తోంది. ఆమె ఈ ఊరి బట్టలు ఉతకడం మొదలుపెట్టి నలభై ఏళ్ళయింది. ఎవరింట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట్లోవాళ్ళకే తెలియదు. కానీ చెప్పదు. ఇంత తెలిసీ చెప్పకుండా ఉండే మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరన్నది ఈ కథ చెప్పేవాళ్ళకు బాగా తెలుసు.

"ఏమప్పా ఓబులేసూ, సామిని ఏదో అడిగినట్టున్నావే" అంది మూట చూసి.

"అడిగానక్కా."

"ఆ ముఖం చూస్తేనే తెలుస్తాంది. సరే, ఒక్కొక్కటీ విప్పు. ఈ మరక దేనిది?"

ఆ రేవుకు ఒక కట్టుబాటు ఉంది. బట్ట వేసేవాళ్ళు మరక దేనిదో చెప్పి వెయ్యాలి. రక్తపు మరకను చన్నీళ్ళలో నానబెట్టాలి. తెలియక బానలో ఉడకబెడితే అది బట్టలోకి ఇంకిపోయి మరి వదలదు. అందుకని అబద్ధం చెప్పి బట్ట పాడుచేయించినవాడు, ఎంత పెద్దవాడైనా సరే, బండ దగ్గర నిలబడి మరక పోయేదాకా తానే ఉతుక్కోవాలి. తెలియక చెప్పినవాడికి మాఫీ ఉంది. తెలిసి చెప్పినవాడికి లేదు. ఒకసారి బూదిస్వామి నలభై రోజుల ఉపవాసంలో ఉండగా ఆయన గోచీ మీద నూనె మరక పడింది. దీపం ఒలికిందని చెప్పించాడు. బానలోంచి తీస్తే గోంగూర పచ్చడి వాసన వచ్చింది. స్వామి మారుమాట్లాడకుండా బండ దగ్గరికి వచ్చి, ఊరంతా చూస్తుండగా ఒక పూటంతా ఉతికాడు. అప్పటినుంచి ఆయన మీద భక్తి కొంచెం తగ్గి, నమ్మకం చాలా పెరిగింది.

ఓబులేసు ఒక్కొక్క బట్టా చూపించి చెప్పుకుంటూ వచ్చాడు. ఇది బూడిద, ఇది బెల్లంపాకం, ఇది ఏమిటో స్వామికే తెలియాలి. చివరికి తలపాగా వచ్చింది.

"ఇది?"

"రక్తం అక్కా. గిడ్డయ్యది" అని, నాలుక కరుచుకున్నాడు.

సుంకమ్మ చేతులు తుడుచుకుని తలపాగా అందుకుంది. మూడు నెలలుగా ఊరంతా మొక్కిన ఆ గుడ్డను ఆమె దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చావిడి అరుగెక్కే వీలు ఆమెకు లేదు. అట్టకట్టిన మడతలు మెల్లగా విడదీసి, చెంగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"ఇదేందో తెలుసా?" అని చెంగు చివర వేలుపెట్టి చూపించింది. అక్కడ నల్లగా రెండు చుక్కలు, వాటి మధ్య ఒక గీత ఉన్నాయి.

"మట్టేమో."

"నా రాత అప్పా. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో ఇంటికొక గుర్తు పెడతాను. బట్ట చిరిగిపోయేదాకా పోదు. లేకపోతే ఇన్ని ఇండ్ల బట్టల్లో ఎవరివి ఎవరికియ్యాలో ఎట్ల తెలుస్తుంది? నీ పంచె చెంగు చూసుకో."

ఓబులేసు పంచె చెంగు తిప్పి చూసుకున్నాడు. పుట్టిన దగ్గరనుంచీ కడుతున్న బట్టల మీద చేపముల్లు లాంటి చిన్న గుర్తు ఉన్నదని అతనికి ఆ పూటే తెలిసింది. అతన్ని చూసి నవ్వకండి. మీ ఇంటి గుర్తేమిటో మీకు తెలుసా?

"ఇది గిడ్డయ్యది కాదు" అంది సుంకమ్మ. "గిడ్డయ్య ఇంటికి కాకికాలు పెడతాను."

"మరి ఎవరిదక్కా?"

"నేను చెబితే చాకలిది చెప్పిందంటారు. కండ్లున్నవాళ్ళు చూసుకోనీ." ఆమె లేచి గుడిసెలోకి వెళ్ళి ఇంకో పెద్ద మూట తెచ్చింది. విప్పితే పదకొండు పంచెలు. నల్లబడిన రక్తంతో, కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. "చచ్చినోళ్ళ బట్టలు రేవుకే వస్తాయి కదా. ఆ రోజు చావిడి కిందనే నిలబడి, దొరా, ఈ మరక ఏమని వెయ్యాల అని అడిగినాను. గిడ్డయ్య రక్తానికి బదులు అని వెయ్యి అన్నాడు. గిడ్డయ్య ఒంట్లో చుక్క తగ్గలా. ఇంక నేను ఏమని ఉతికేది? వంకదిన్నె రేవు మా పిన్నమ్మ కూతురిది. ఆమె గుడిసెలోనూ ఇట్లాంటి మూటే ఉండాదంట."

మూటలో నాలుగో పంచె చెంగు మీద చేపముల్లు కనిపించింది. ఓబులేసు దాన్ని ముట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. దగ్గరగా చూద్దాం అన్నవాడి పంచె అది. ఆ మాట అన్నవాడి చెయ్యి పట్టి వెనక్కి లాగిన చెయ్యి ఇది.

పొద్దు బారెడు ఎక్కేసరికి జనం రేవుకు చేరారు. ముందు తప్పెట్లు, వెనక టెంకాయలు, మధ్యలో నలుగురు భటులతో నాయనివారు. తెల్లటి ఉత్తరీయం భుజం మీద గరగరలాడుతోంది. చేతిలో వెండిపొన్ను కర్ర ఉంది. బూదిస్వామి కూడా వచ్చి, ఒక బండరాయి చూసుకుని, అందరికీ వీపు పెట్టి హాయిగా ఎండ కాచుకోవడం మొదలుపెట్టాడు. గిడ్డయ్య ముఖం దాచుకోవడానికి చోటు వెతుకుతున్నాడు. ఒళ్ళు చేసినందువల్ల దొరకలేదు.

"కానియ్యి సుంకమ్మా. తెల్లగా రావాలి" అన్నారు నాయనివారు.

"వస్తుంది దొరా. రేవు కట్టుబాటు ఒకటుంది కదా. ఈ తలపాగా ఎవరిది, మరక దేనిది, చెప్పి వెయ్యండి."

నాయనివారు జనం వైపు తిరిగి నవ్వారు. "ఊరంతటికీ తెలిసిందే కదా. గిడ్డయ్య తలపాగా అనుకుని మోసపోయాం."

"గిడ్డయ్యా, నీ తలపాగా ఏదప్పా?" అంది సుంకమ్మ.

గిడ్డయ్య అలవాటుగా తల తడుముకున్నాడు. తలపాగా తలమీదే ఉంది. ఊరు విడిచి వెళ్ళిననాడు చుట్టుకున్నదే. మూడు రోజులుగా దాన్ని ఊరంతా చూస్తూనే ఉంది. చచ్చినవాడు వచ్చాడని ఆశ్చర్యపోవడంలో తలపాగా సంగతి ఎవరికీ తట్టలేదు. సుంకమ్మ దాని చెంగు తిప్పి కాకికాలు చూపించింది. తరవాత రక్తపు తలపాగా చెంగు పట్టుకుని చూపించింది.

నాయనివారు తడుముకోలేదు. "నేనంటున్నదీ అదే. ఇది వంకదిన్నె వాళ్ళ మాయ. వాళ్ళ తలపాగాకే ఏ మేక రక్తమో పూసి పెట్టారు. ఎవరో తెచ్చి ఇచ్చారు, నమ్మాను."

ఓబులేసు లేచాడు. "దొరా, ఆ రోజు 'నా చేత్తో నేనే తీసుకొచ్చాను' అన్నారు. 'చూడగానే గుర్తుపట్టాను' అన్నారు."

"అన్నాడు, అన్నాడు" అన్నారు కీళ్ళనొప్పుల పెద్దలు. వాళ్ళకు కాళ్ళే గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఇన్నాళ్ళకు ఆ చెవులవల్ల ఊరికి ఉపకారం జరిగింది.

"చేత్తోనే తెచ్చాను. ఎవరో ఉందని చెబితే వెళ్ళి తెచ్చాను. వంకదిన్నె వాళ్ళదని నాకేం తెలుసు?"

"వంకదిన్నె రేవులో గుర్తు చెంగున పెట్టరు దొరా, అంచు లోపల పెడతారు" అంది సుంకమ్మ, బాన కింద కట్టె సర్దుతూ. "ఇది నా చేతి గుర్తే. మన ఊరి బట్టే."

నాయనివారి మీసం ఒక్కసారి కదిలింది. వెంటనే సర్దుకుని, "అయితే ద్రోహి మన ఊళ్ళోనే ఉన్నాడన్నమాట! ఎవడో పట్టుకోండి!" అని గర్జించారు.

పట్టుకోవాలంటే చూసుకోవాలి. ఇక చూడాలి ఆ వేడుక. ఊరి మగవాళ్ళందరూ తమ తమ చెంగులు తిప్పి, కళ్ళు చికిలించి చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకడికి త్రిశూలం తేలింది. ఒకడికి నక్షత్రం. నాది పెద్దింటి గుర్తై ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్న ఒక పెద్దమనిషికి ఒట్టి సున్నా తేలింది. ఇద్దరు అన్నదమ్ములు వేరుపడి ఇరవై ఏళ్ళయినా గుర్తు ఇంకా ఒకటేనని తెలిసి అక్కడే దెబ్బలాడుకున్నారు. రెండు చుక్కలూ ఒక గీతా ఎవరికీ రాలేదు. ఓబులేసు అందరినీ దాటుకుంటూ వచ్చి నాయనివారి ఎదుట నిలబడ్డాడు.

"దొరా, ఆ ఉత్తరీయం ఒకసారి కిందికి దించండి. దగ్గరగా చూద్దాం."

ఈసారి గుంపులో ఎవరూ నవ్వలేదు. నవ్వింది నాయనివారే. "దొర బట్ట మీద గీతలు గీసే ధైర్యం ఈ ఊళ్ళో ఎవరికుందిరా? చూడు, తనివితీరా చూడు!" అని ఉత్తరీయం తీసి తానే రెండు చేతులా పైకెత్తారు, ఆ రోజు చావిట్లో తలపాగాను ఎత్తినట్టే. మనిషి తన మీసాన్ని రోజూ అద్దంలో చూసుకుంటాడు, చెంగు చూసుకోడు. ఎండలో తెల్లటి గుడ్డ మూల నల్లగా రెండు చుక్కలు మెరిశాయి. మధ్యలో ఒక గీత.

తప్పెట్లవాళ్ళు కూడా చూశారు. తప్పెట్లు కింద పెట్టారు.

"దొంగిలించారు!" అన్నారు నాయనివారు. ఆ గొప్ప గొంతు ఈసారి తగ్గించకుండానే చిన్నగా వచ్చింది. "నా ఇంట్లోంచి ఎవడో దొంగిలించి..."

"గిడ్డయ్య తలపాగాను చూడగానే గుర్తుపట్టిన కండ్లు, మీ తలపాగాను గుర్తుపట్టలేదా దొరా?" అన్నాడు ఓబులేసు.

అప్పుడు గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరి ఇంట్లోనూ భోజనం దొరకని మాట మాట్లాడాడు. "నాకు ఎదురుపడిన గుర్రానికి నుదుట తెల్లమచ్చ ఉంది. మన దొర గుర్రమే అది. అన్నం పెట్టారు కదా అని ఊరుకున్నాను. నేను తిన్న ప్రతి ముద్దకూ ఇక్కడ ఎవరు పోయారో నాకు తెలియదప్పా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అతని భార్య వచ్చి పక్కన నిలబడింది. తిట్టలేదు. ఊరు అది కూడా గమనించింది.

నాయనివారు భటుల వైపు చూశారు. నలుగురు భటులూ ఇంకా తమ చెంగులే చూసుకుంటున్నారు. ఆ పూటకు వాళ్ళకు అంతకంటే ముఖ్యమైన పని తోచలేదు. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు సుంకమ్మ మూటను ఎత్తి తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టారు.

"ఇవి కూడా మీరు చెప్పి వేసినవే దొరా" అంది సుంకమ్మ. "మరక పేరు తప్పు చెప్పినారు. తెలిసే చెప్పినారు. బండ అదిగో."

నాయనివారు చివరికి బూదిస్వామి వైపు తిరిగారు. "స్వామీ, మీరైనా చెప్పండి. పాలెగాణ్ణి బండ దగ్గర నిలబెడతారా?"

స్వామి ఎండలోంచి కదలకుండా, "నేను నిలబడ్డాను కదా నాయనా. నీళ్ళు చల్లగా ఉంటాయి, అంతే" అన్నాడు.

వెండిపొన్ను కర్రను ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. ఉతకాలంటే రెండు చేతులూ కావాలి గనక ఆయనే పక్కన పెట్టారు. సుంకమ్మ దాన్ని తీసి దండేనికి ఆనించి, "మరక పోయినాక తీసుకుపోండి" అంది. ఓబులేసు మొదటి పంచె అందించాడు. చన్నీళ్ళలో ఆయన దాన్ని ముంచి, బండ మీద కొట్టిన మొదటి దెబ్బ చప్పుడు గుట్టకు తగిలి తిరిగొచ్చినప్పుడు ఊరంతా ఒక్కసారిగా అరిచింది. చావిట్లో అరిచినదానికంటే పెద్దగా అరిచింది. ఈసారి పెద్దలు కూడా లేచి నిలబడి అరిచారు. కీళ్ళు సహకరించాయి.

ఆ సాయంత్రమే గుర్రాలను వంకదిన్నె బీడులోంచి తోలుకొచ్చారు. మర్నాడు వంకదిన్నె వాళ్ళు తమ మూట కూడా మోసుకొచ్చి బండ పక్కన పెట్టి, నిలబడి చూసి, మజ్జిగ తాగి వెళ్ళారు. చావిట్లోని యుద్ధనగారాను రేవుకు తెచ్చి సుంకమ్మ గుడిసె పక్కన బోర్లించారు. పోరుకు రమ్మని దాన్ని మోగించదలచినవాడు కారణాన్ని ముందు రేవులో పరిచి చూపించాలని కట్టుబాటు చేశారు. ఆ ఏడు జొన్నకోతలప్పుడు, వంకదిన్నె వాళ్ళు సరిహద్దు రాయి జరిపారని ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పారు. ఊరంతా ఒక్క గొంతుతో, "పద, దగ్గరగా చూద్దాం" అంది. వెళ్ళి చూస్తే రాయి ఉన్నచోటే ఉంది. పక్కన ఉడుము కన్నం తవ్వింది. ఆ మాట మొదట అన్నవాడి పేరు నరసింగడని ఇప్పటికీ రేవులో చెప్పుకుంటారు.

నాయనివారు రోజూ పొద్దున్నే వచ్చి మధ్యాహ్నందాకా ఉతుకుతున్నారు. మీసం కొంచెం దిగింది. చేతులు మాత్రం మంచి చాకిరీ చేసిన చేతుల్లా తయారయ్యాయి. మూడు నెలలు ఎండిన రక్తం అంత తేలిగ్గా వదలదు. ఒకరోజు ఆయన నరసింగడి పంచె ఉతుకుతూ ఆగి, చెంగున ఉన్న చేపముల్లును వేలితో తడిమి, ఎవరినీ ఏమీ అడగకుండా మళ్ళీ ఉతకడం ఓబులేసు చూశాడు. అతనికి అన్న గుర్తొచ్చాడు. ఆ మనిషి మీద కోపం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు, ముందున్నంత దొరకలేదు. తిన్నగా మఠానికి వచ్చాడు. స్వామి అంబలి ముందు కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, ఆ రోజు అడిగాను, మీరు చెప్పలేదు. ఇప్పుడైనా ఆయన్ను క్షమించవచ్చా?"

స్వామి రేవు వైపు చెవి ఒగ్గాడు. బండ మీద దెబ్బ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"బట్టలు ఆరాక అడుగు" అని, ముంత ఎత్తాడు.